తమ్ముడూ, ఆ రాకుమారుడి చేత స్పీచ్ ఇప్పించకు

తమ్ముడూ,

నువ్వు పంపిన జపాన్ కథ పీడీఎఫ్ ఆదివారమే చదివేశాను, మరి ఇన్ని రోజులు రిప్లై ఎందుకు ఇవ్వలేదంటే మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది, ఆ కోపంలో రాస్తే నువ్వు రాయడమే మానేస్తావేమోనని ఆగాను. రెండోసారి చదివితే కొంచెం తగ్గింది. మూడోసారి నా దగ్గరున్న అనువాదాలన్నీ ముందేసుకుని నీ పేజీలతో పోల్చి చూశాను, అప్పుడు అర్థమైంది, కోపం నీ మీద కాదు, పాతికేళ్ల కింద నేనూ అచ్చం ఇలాగే రాశాను కదా అని.

ముందు మంచి మాట చెప్తా. జపాన్ అనగానే మనవాళ్లందరూ సమురాయ్ మీద పడతారు. నువ్వు ఏడో శతాబ్దానికి వెళ్లి, 686లో రాజద్రోహి అని ముద్ర పడి చచ్చిపోయిన ఓత్సు రాకుమారుణ్ణి పట్టుకొచ్చావు. ఇది చాలా మంచి ఛాయిస్. ఎందుకంటే వాడి గురించి దొరికేది గుప్పెడంటే గుప్పెడు, ఆ గుప్పెట్లోనే ఒకదానికొకటి పొసగని ముక్కలున్నాయి. కథకి అంతకన్నా ఏం కావాలి.

చిన్న తప్పులు గబగబా చెప్పేస్తా, వాటి మీద ఎక్కువ టైం వద్దు. క్యోతో తీసెయ్, అది రాజధాని అయ్యింది 794లో, నారా కూడా 710 దాకా లేదు, వీళ్లుండేది అసుకాలో. సమురాయ్ తీసెయ్, అప్పటికి పుట్టలేదు. సకురా పూలు కావాలంటే ఉంచుకో గానీ ఆ కాలం కవులు ఎక్కువ మురిసిపోయింది ప్లమ్ జాతి ఉమె పూలకి, మన్యోషు అనే పాత జపనీస్ పద్యాల సంకలనంలో వాటి మీదున్న పద్యాలు సకురా పద్యాల కంటే చాలా ఎక్కువ. నన్ను చూసి నవ్వుకోవాలంటే ఇది విను, నా మొదటి చారిత్రక కథలో కాకతీయుల కాలపు వంటింట్లో పచ్చిమిరపకాయల పచ్చడి నూరించాను. మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చిందని, అప్పటికి కాకతీయులు పోయి దాదాపు రెండొందల ఏళ్లయిందని ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు. ఆ కార్డు ఇంకా దాచుకున్నా. అందుకే వీటికి నిన్ను తిట్టను.

అసలు గొడవ వేరే. నీ కథలో ఓత్సు తండ్రి పట్టపురాణి జితోని 'సవతి తల్లి' అని ముప్పై ఒక్కసార్లు రాశావు, కూర్చుని లెక్కపెట్టా. అబద్ధమని కాదు. కానీ ఆవిడ సవతి తల్లి కాకముందు సొంత పిన్ని కదరా! తెంజి చక్రవర్తి కూతుళ్లు ఓత, ఉనొ, ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, ఇద్దర్నీ బాబాయికే ఇచ్చి చేశారు, ఆ బాబాయే తర్వాత తెన్ము చక్రవర్తి అయ్యాడు. పెద్దదైన ఓతకి పుట్టినవాళ్లు ఓకు అనే ఆడపిల్ల, ఓత్సు. చిన్నదైన ఉనొకి పుట్టినవాడు కుసకబె. ఈ ఉనొనే తర్వాత జితో మహారాణి. పిల్లలు పుట్టిన చోటు చూడు, కొరియాలో పెక్చే రాజ్యానికి సాయం చెయ్యడానికని సభంతా ఓడలెక్కి పడమటికి బయల్దేరింది, 661లో దార్లో ఓకు అనే సముద్రం దగ్గర ఓడలోనే పిల్ల పుట్టింది, అందుకే ఆ పేరు. 662లో చెల్లెలికి కుసకబె, 663లో అక్కకి ఓత్సు, ఇద్దరూ క్యూషు దీవిలో యుద్ధం శిబిరం దగ్గరే పుట్టారు. ఆ 663లోనే జపాన్ నౌకాదళం పెక్‌కాంగ్ నది దగ్గర చిత్తుగా ఓడిపోయింది. అంటే అక్కాచెల్లెళ్లిద్దరూ ఏడాది తేడాలో, ఇంటికి అంత దూరాన, యుద్ధం మధ్యలో కన్నారు. ఒకరి బిడ్డని ఒకరు ఎత్తుకునే ఉంటారు అని నాకనిపిస్తుంది, అయినా అది నేను రాయను, చదివేవాడికే అనిపించేలా ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటా.

తర్వాత ఓత చచ్చిపోయింది. 667లో పూడ్చారు, ఓత్సుకి అప్పటికి నాలుగైదేళ్లు. 2010లో అసుకాలో కెంగోషిజుక అనే సమాధి ముందు ఇంకో చిన్న రాతి సమాధి బయటపడింది, పాత చరిత్రలో చెప్పిన చోటుకి సరిపోతోంది కాబట్టి అది ఈ తల్లిదే అయ్యుంటుందని చాలామంది అంటున్నారు. నీ కథలో ఈ తల్లి ఒక్క లైన్లో చచ్చిపోతుంది. ఆవిడ బతికుంటే పట్టపురాణి ఆవిడే, యువరాజు వీడే అయ్యేవాడేమో, ఆ ఒక్క చావు మీదే మిగతా కథంతా నిలబడి ఉంది, నువ్వేమో కామా పెట్టి దాటేశావు.

మన భాషకున్న అదృష్టం చూడు. అమ్మ చెల్లెలూ పిన్నే, నాన్న ఇంకో పెళ్లామూ పిన్నే. నువ్వు ఆ ముప్పై ఒక్క చోట్లా సవతి తల్లి కొట్టేసి పిన్ని అని పెట్టి చదువుకో, ఇంకేం మార్చకు, కథ ఎలా మారిపోతుందో నీకే తెలుస్తుంది. సవతి తల్లి చంపించింది అంటే సీరియల్. పిన్ని చంపించింది అంటే గొంతు పట్టుకుంటుంది.

వరసల గురించి ఇంకో మాట. ఓత్సు పెళ్లాం యమనొబె కూడా తెంజి కూతురే, వేరే తల్లికి. అంటే అమ్మ వైపు నుంచి పిన్ని వరస, నాన్న వైపు నుంచి పెదనాన్న కూతురు! మేనరికాలకి అలవాటు పడ్డ మన పాఠకుడు కూడా ఇక్కడ తల పట్టుకుంటాడు. నువ్వు భయపడి ఆ అమ్మాయి ఎవరి కూతురో చెప్పకుండా దాటేశావు. దాచకు. వాళ్లకి ఒక తల్లి కడుపున పుట్టడమే అసలు బంధం, తండ్రి ఒకడే అయినా తల్లులు వేరైతే పెళ్లిళ్లు అయ్యేవి, ఆ ఒక్క ముక్క మొదట్లోనే చెప్పేసి ముందుకెళ్లిపో. ఈ ముక్క చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు యొషినొ ప్రమాణం సీన్. 679, ఐదో నెల. నువ్వు దీన్ని సగం పేజీలో లాగించేశావు, నన్నడిగితే నీ కథకి ఇదే గుండెకాయ. ఏడేళ్ల కింద, 672లో, తెన్ము తన అన్న కొడుకుతో యుద్ధం చేసి గెలిచి గద్దెనెక్కాడు, వాళ్ల లెక్కలో (పుట్టగానే ఒక ఏడు) పదేళ్ల ఓత్సు శత్రువుల రాజధానిలోంచి తప్పించుకుని తండ్రి దగ్గరికి చేరాడు. మళ్లీ అలాంటి కొట్లాట రాకూడదని ఆరుగురు రాకుమారుల్ని యొషినొ తీసుకెళ్లి ఒట్టు వేయించుకున్నాడు, తల్లులు వేరైనా ఒకే తల్లి పిల్లల్లా ఉంటామని. ముందు కుసకబె వేశాడు, తర్వాత మిగతావాళ్లు. అప్పుడు తెన్ము పైబట్ట విప్పి ఆరుగుర్నీ కౌగిలించుకుని తనూ ఒట్టేశాడు. తర్వాత రాణి కూడా అదే ఒట్టు వేసింది. తమ్ముడూ, పిన్ని కూడా వేసింది! జపాన్ పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో ఇది ఉంది, నువ్వు చదివిన పుస్తకంలోనే ఉంది, మరి నీ డ్రాఫ్ట్‌లో ఆ వాక్యం ఎందుకు లేదు? ఆవిడ విలన్ కాబట్టి ఒట్టు వెయ్యదనుకున్నావా? ఆ ఆరుగురిలో కవషిమ అని ఇంకొకడున్నాడు, ఓత్సుకి ప్రాణ స్నేహితుడు, వాడి గురించి కూడా చెప్తా ఆగు.

681లో కుసకబెని యువరాజు చేశారు. 683లో ఓత్సుని కూడా రాచకార్యాల్లోకి రానిచ్చారు. ఇద్దరికీ ఇరవై ఏళ్ల చుట్టూ. ఇక్కడ నువ్వు ఓత్సుని రాముడు మంచి బాలుడు టైపులో చేసేశావు, అలా చెయ్యకు. 751 నాటి కైఫూసో అనే చైనీస్ పద్యాల సంకలనంలో వాడి గురించి చిన్న జీవితచరిత్ర ఉంది, పొడగరి, చదువంటే ఇష్టం, కత్తి పట్టడమంటే ఇంకా ఇష్టం, పెద్ద చదువులవాళ్ల ముందు ఒదిగి ఉంటాడు, కానీ కట్టుబాట్లు లెక్కచెయ్యడు అని స్పష్టంగా రాశారు. ఇషికవ అనే అమ్మాయి కోసం కొండ కింద రాత్రంతా నిలబడి నీళ్ల చుక్కలకి తడిసిపోయాను అని వాడు పద్యం పంపితే, నిన్ను తడిపిన ఆ చుక్కల్ని నేనయినా బాగుండేది అని ఆ పిల్ల జవాబిచ్చింది. ఆ పిల్లకే యువరాజు కుసకబె కూడా పద్యం రాశాడు. ఓత్సు ఆమెతో రహస్యంగా గడిపిన సంగతి ఆస్థాన జ్యోతిష్కుడు కనిపెట్టేస్తే వాడేం చేశాడు, దాచుకున్నాడా? నువ్వు కనిపెడతావని తెలిసే పడుకున్నాం అని ఏకంగా పద్యమే చెప్పాడు. ఇలాంటి కుర్రాడు. వీడు నీ కథలో ధర్మం గురించి మాట్లాడుతుంటే నాకు నవ్వొచ్చింది.

సరే చావు దగ్గరికి వద్దాం. పాశ్చాత్య క్యాలెండర్ లెక్కలో 686 అక్టోబర్ 1న తెన్ము పోయాడు. అక్టోబర్ 25న ఓత్సు పోయాడు. మధ్యలో ఇరవై నాలుగు రోజులు. పట్టుకున్నది ముందు రోజే, మర్నాడే ఓసదలో వాడి ఇంట్లోనే చచ్చిపొమ్మన్నారు, వాళ్ల లెక్కలో 24 ఏళ్లు. కుట్రలో ఉన్నారని పట్టుకున్నది ముప్పై మందికి పైగా. నెల తిరక్కుండానే దాదాపు అందర్నీ వదిలేశారు, ఒకణ్ణి మాత్రం దూరంగా ఇజుకి పంపించేశారు, ఒక సిల్లా (కొరియాలో ఇంకో రాజ్యం) దేశపు బౌద్ధ భిక్షువుని హిద ప్రాంతంలో ఏదో గుడికి మార్చారు. అంతే. ముప్పై మంది కుట్రలో ప్రాణం తీసింది ఒక్కడిదే. నువ్వు దీని మీద రెండు పేరాలు కామెంట్ రాశావు, ఇది కుట్ర మీద కుట్ర అని, రాజకీయం అని, అధికార దాహం అని. అన్నీ కొట్టెయ్. ముప్పై అని రాయి, ఇద్దరు అని రాయి, ఒక్కడు అని రాయి. లెక్కలు చెయ్యడం పాఠకుడికి వచ్చు.

వాడు నిజంగా కుట్ర చేశాడా లేదా? నీ కథలో చెయ్యలేదని తీర్పు ఇచ్చేశావు. ఎవరు చెప్పారు నీకు? సిల్లా భిక్షువు వాడి ముఖం చూసి, ఇది ఒకరి కింద ఉండే ముఖం కాదు, ఇలాగే కింద ఉండిపోతే నీ ప్రాణం దక్కదు అన్నాడని కైఫూసోలోనే ఉంది. 24 ఏళ్లవాడికి, కట్టుబాట్లు లెక్కచెయ్యనివాడికి, తండ్రి పోయిన వేళ ఆ మాట చెవిలో తిరుగుతూ ఉండదా? ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అమాయకుణ్ణి చంపారు అనే కథ నేను వంద చదివాను. వాడు ఏం చేశాడో మనకి తేలకపోయినా మనసు వాడి వైపే లాగుతుంటే, ఆ కథ రాయడం కష్టం, అదే రాయి.

ఇక్కడో విచిత్రం ఉంది, నువ్వు గమనించావో లేదో. 720లో పూర్తయిన నిహోన్ షోకి గెలిచినవాళ్ల పుస్తకం, తెన్ము కొడుకు తొనెరి పర్యవేక్షణలో తయారైంది. అందులో ఓత్సు రాజద్రోహి అని రాసి, పక్కనే వాడి అందాన్నీ మాటనీ పొగిడి, కవిత్వం వెలిగింది ఓత్సు నుంచే అని కూడా రాశారు. వాడి పెళ్లాం జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా పరిగెత్తి వెళ్లి వాడితో పాటు చచ్చిపోయింది, చూసినవాళ్లంతా ఏడ్చారు అనీ రాశారు. ద్రోహి గురించి ఇలా ఎవరు రాస్తారు? ఎవరో ఒక రాతగాడు ఆ నాలుగు ముక్కలూ తీసెయ్యలేకపోయాడు, పైవాళ్లూ కొట్టెయ్యలేదు. నాకు ఆ పేరు లేని రాతగాడంటే చాలా గౌరవం. నువ్వు ఆ 'చెప్పుల్లేని కాళ్ల' మీద మళ్లీ మూడు పోలికలు పెట్టావు, నలిగిన తామరలు, గాయపడ్డ పావురాలు... వద్దురా. చెప్పుల్లేవు. చాలు.

కవషిమ సంగతి. వీడే ఆ ప్రాణ స్నేహితుడు, యొషినొలో పక్కన నిలబడి ఒట్టేసినవాడు, ఓత్సు ఏదో తలపెట్టాడని వెళ్లి చెప్పేసింది వీడేనని కైఫూసో అంటుంది. సభ వాడి విధేయతని మెచ్చుకుందట, స్నేహితులు మాత్రం మనసు లేనివాడు అనుకున్నారట. ఇంకో సంగతి, 681లో పాత చరిత్రలన్నీ కూర్చమని తెన్ము ఒక బృందానికి పని అప్పగించాడు, ఆ పేర్లలో మొదటిది కవషిమదే. చరిత్ర రాయడానికి కూర్చున్నవాడే స్నేహితుణ్ణి పట్టించాడు. ఇది నువ్వు వాడుకోలేదు! నేనైతే కథంతా వీడి వైపు నుంచి రాసేదాన్నేమో.

ఆ 681 అంటే గుర్తొచ్చింది, 1985లో అసుకా కోట తవ్వకాల్లో వెయ్యికి పైగా చెక్క పేళ్లు దొరికాయి. అప్పట్లో సన్నటి చెక్క పలకల మీద రాసి, పనైపోయాక కత్తితో పైపొర చెక్కేసి మళ్లీ వాడుకునేవాళ్లు, ఆ చెక్కేసిన పేళ్లు తడి మట్టిలో పడి పదమూడొందల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండిపోయాయి. వాటిలో ఒక పేడు మీద 'ఓత్సు రాకు' అని ఉంది, అక్కడికి చెక్క తెగిపోయింది, ఇంకో దాని మీద 681వ సంవత్సరం గుర్తు. కొట్టేసి పారేసినదే మిగిలింది, చూశావా. డిలీట్ కొట్టే ముందు ఇది చెప్తే నువ్వు ఏదీ డిలీట్ చెయ్యవేమో అని భయంగా ఉంది, కానీ నీ పన్నెండో పేజీ మాత్రం డిలీట్ చెయ్యి ప్లీజ్.

పన్నెండో పేజీ అంటే వాడు చచ్చిపోయే ముందు ఇచ్చే స్పీచ్. పేజీన్నర. వాడు కవి కదా, మాట్లాడతాడు అని నీ వాదన. వాడి పేరు మీద రెండు మరణ పద్యాలున్నాయి. ఒకటి చైనీస్‌లో, నాలుగే పాదాలు, పొద్దు పడమటి ఇళ్ల మీదికి వాలింది, డప్పు చప్పుడు నా కొద్దిపాటి ఆయుష్షుని తొందరపెడుతోంది, ఆ దారిలో అతిథీ లేడు ఇంటాయనా లేడు, ఈ సాయంత్రం ఇల్లు వదిలి నేను వెళ్లేదెక్కడికి అని. రెండోది జపనీస్‌లో, ఇవారె చెరువులో అరుస్తున్న బాతుల్ని ఈ ఒక్కరోజే చూసి మబ్బుల్లో కలిసిపోవాలా అని. ఈ రెండూ వాడు చెప్పినవి కావేమో, తర్వాతివాళ్లు వాడి నోట పెట్టారేమో అని పండితులకి అనుమానం, మొదటిదాని లాంటి పద్యం చైనాలో చెన్ వంశపు ఆఖరి రాజు పేరున కూడా ఉంది. వాడివి కాకపోయినా సరే, ఆ పెట్టినవాళ్లు కూడా పిన్నిని తిట్టించలేదు, న్యాయం అడిగించలేదు, బాతులు అన్నారు. నీ పేజీన్నరలో ఒక్క బాతు లేదు.

ఇప్పుడు ఓత్సు అక్క. నీ కథలో ఆవిడ రెండు సీన్లలో ఉంది, రెంటిలోనూ ఏడుస్తుంది. ఓకుని 673లో ఇసె దేవాలయానికి సేవకురాలిగా ఎంపిక చేశారు, తర్వాతి ఏడు పంపించేశారు, వాళ్ల లెక్కలో 14 ఏళ్లు. పన్నెండేళ్లు అక్కడే. తమ్ముడు ఎవరికీ చెప్పకుండా ఇసె వచ్చి వెళ్లాడు అని మన్యోషులో ఒక్క ముక్క ఉంది, ఎందుకొచ్చాడో లేదు, ఏం మాట్లాడుకున్నారో లేదు. నువ్వు నాలుగు పేజీల డైలాగ్ రాశావు. ఆవిడేం రాసిందో చూడు: తమ్ముణ్ణి (రాజధాని ఉన్న) యమతొ వైపు పంపిస్తూ, రాత్రి ముదిరి, తెల్లవారుజాము మంచుకి నేను నిలబడి తడిసిపోయాను. అంతే. మాటలైపోయాయి, వాడు వెళ్లిపోయాడు, అయినా ఆవిడ లోపలికి వెళ్లలేదు. బట్టలు తడిసేదాకా ఉండిపోయింది. ఇద్దరం కలిసి వెళ్లినా దాటడం కష్టమైన ఆ కొండని ఒక్కడివీ ఎలా దాటుతావో అని రెండో పద్యం. లోపల వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ నువ్వు బయటే ఉండు తమ్ముడూ, వాడు గుర్రం ఎక్కాక కథ మొదలుపెట్టు.

వాడు పోయాక ఆవిణ్ణి ఇసె నుంచి వెనక్కి రప్పించారు. అక్కడే ఉండిపోవాల్సింది, నువ్వు లేని చోటికి ఎందుకొచ్చాను, గుర్రానికి అలసట తప్ప అంది. గుర్రం అలసట అంది, నా అలసట అనలేదు. తర్వాత వాణ్ణి ఫుతకమి కొండ మీద పూడ్చినప్పుడు, రేపట్నుంచి ఈ కొండనే నా తోడబుట్టినవాడు అనుకుని చూస్తాను అంది. అక్కడ వాడిన మాట 'ఇరొసె', అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన సోదరుడు. ఇందాక చివర్లో పనికొస్తుందన్న ముక్క ఇక్కడ తియ్యి. యొషినొలో తల్లులు వేరైనా ఒకే తల్లి పిల్లల్లా ఉంటామని ఆరుగురు ఒట్టేశారు, అసలు ఒకే తల్లి పిల్లలకి మిగిలింది కొండ. నీ డ్రాఫ్ట్‌లో 'సోదరుడు' అని ఉంది, దాన్ని తోడబుట్టినవాడు చెయ్యి. కొండకి రెండు శిఖరాలు, నారా మైదానంలో కొన్ని చోట్ల నుంచి చూస్తే కొన్ని రోజుల్లో పొద్దు వాటి మధ్యలో దిగుతుంది, ఇప్పటికీ వాడి సమాధి అని చూపించేది ఎత్తైన శిఖరం మీద.

మూడేళ్లకి, 689లో, ఎవరి కోసం ఇదంతా జరిగిందంటారో ఆ కుసకబె గద్దె ఎక్కకుండానే పోయాడు, వాళ్ల లెక్కలో 28 ఏళ్లు. పిన్నే గద్దె ఎక్కింది. దీన్ని నువ్వు 'కర్మఫలం' అని హెడ్డింగ్ పెట్టి రాశావు. కొడుకు పోయిన తల్లి అని రాస్తే నీ సొమ్మేం పోతుంది?

ఆఖరి సంగతి, అసెబి పూలు. రాళ్ల ఒడ్డున పూసిన అసెబి కొమ్మ తుంచుదామనుకున్నా గానీ చూపించడానికి నువ్వున్నావని ఎవరూ అనరే అని ఆవిడ చివరి పద్యం. దాన్ని నువ్వు సమాధి చేసే సీన్లో, చలికాలంలో పెట్టావు. ఆ చెట్టు పూసేది వసంతం మొదట్లో, చిన్న చిన్న గంటల్లా తెల్లగా వేలాడతాయి, ఆకులు తింటే గుర్రాలు మత్తుగా తూలిపోతాయని దాని పేరు రాసే అక్షరాల్లోనే గుర్రం ఉంది. ఈ పద్యం కింద మన్యోషు కూర్చినవాళ్లే ఒక నోట్ పెట్టారు, ఇది సమాధి వేళ చెప్పినట్టు లేదు, ఇసె నుంచి వస్తుంటే దార్లో పూలు చూసి చెప్పిందేమో అని. ఆవిడ తిరిగొచ్చింది పదకొండో నెలలో, అప్పుడూ ఆ పూలుండవు. మరి సమాధి మార్చిందే తర్వాతి వసంతంలోనా? ఏదో ఒకటి నువ్వే తేల్చుకుని పెట్టు, కానీ నెల మార్చేటప్పుడు ఆ సీన్లో అందరూ కప్పుకున్న దుప్పట్లు, మంచు, కుంపటి కూడా మార్చడం మర్చిపోకు, పోయినసారి కథలో అలాగే మర్చిపోయావు.

కొత్త డ్రాఫ్ట్ వచ్చే నెల పదిహేను తర్వాత పంపు, ఈలోగా నాకు కంటి ఆపరేషన్ ఉంది, ఫాంట్ కాస్త పెద్దది పెట్టు.

ఉంటాను,
అక్క